ఊపిరి – రహదారి

పాఠ్యభాగ పరిచయం

నగరంలో గాలికీ దారికీ విడదీయరాని సంబంధం ఉంది. గాలి ఎంత శుభ్రంగా ఉండాలో చెప్పే నియమాలు క్రమంగా ఏ బస్సు తిరగాలి, ఏ ఇంధనం వాడాలి, బస్‌స్టేషన్ ఎక్కడ కట్టాలి అనే ప్రశ్నలకు కూడా సమాధానం చెప్పవలసి వస్తుంది. ఆ క్రమాన్ని ఢిల్లీ నగర అనుభవం ఆధారంగా విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మనిషికి కావలసినవాటిలో గాలి మొదటిది. ఆహారం లేకుండా కొన్ని వారాలు, నీరు లేకుండా కొన్ని రోజులు ప్రాణం నిలుస్తుంది. గాలి లేకుండా కొన్ని నిమిషాలైనా నిలవదు. పంచభూతాలలో వాయువును ఒకటిగా లెక్కించిన మన పూర్వులు, శరీరంలోని చలనమంతటినీ ప్రాణ, అపాన, వ్యాన, ఉదాన, సమానాలనే ఐదు వాయువుల పేరుతోనే వివరించారు. ‘ఊపిరి ఉంటే ఉప్పు అమ్ముకొని బతకవచ్చు’ అనే తెలుగు సామెతలోనూ ఈ ఎరుకే ఉంది. ఆ సామెత పుట్టిన నాటికి ఊపిరి నిలవడమే ప్రధానం. నేటి నగరవాసికి మాత్రం ఆ ఊపిరితోపాటు లోపలికి పోతున్నదేమిటి అన్నది కూడా ఆలోచించవలసిన విషయమైంది.

తినే తిండిని ఏరుకోవచ్చు. తాగే నీటిని వడకట్టుకోవచ్చు. పీల్చే గాలిని ఎంచుకునే అవకాశం ఎవరికీ లేదు. ఒక వాహనం విడిచిన పొగ ఆ వాహనదారుడి వెంట పోదు. అది అక్కడే నిలిచి, బస్సు కోసం ఎదురుచూసే విద్యార్థినీ, కూడలిలో నిలబడిన ట్రాఫిక్ కానిస్టేబులునూ, తోపుడుబండి మీద పండ్లు అమ్ముకునే వ్యాపారినీ చేరుతుంది. పొగ విడిచినవారు ఒకరు, దానిని అనుభవించేవారు మరొకరు. ఇటువంటి చోట వ్యక్తుల మంచితనం మీద మాత్రమే ఆధారపడితే న్యాయం జరగదు. అందుకే ఇక్కడ చట్టం ప్రవేశించవలసి వచ్చింది.

దారికి నియమం ఉండాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. రాజమార్గాలు ఎంత వెడల్పున ఉండాలో చెప్పిన కౌటిల్యుని అర్థశాస్త్రమే, వీధిలో చెత్త పారవేసినవారికి విధించవలసిన జరిమానాను కూడా చెప్పింది. దారిని నిర్మించడమూ, దానిని శుభ్రంగా ఉంచడమూ ఒకే పాలనలోని రెండు అంగాలని ఆ గ్రంథకర్త భావించాడు. అయితే ఆనాటి చెత్త కంటికి కనిపించేది. పారవేసిన చేతిని పట్టుకోవడం తేలిక. నేటి కాలుష్యంలో అధికభాగం కంటికి కనిపించనిది. మన వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా లేని ధూళికణాలు ముక్కు వడపోతకు చిక్కకుండా ఊపిరితిత్తుల లోతులకు చేరి, అక్కడి నుంచి రక్తంలోకి కూడా ప్రవేశించగలవు. ఉబ్బసం మొదలు గుండెజబ్బు వరకు అనేక వ్యాధులకు ఇవి కారణమవుతాయని వైద్యశాస్త్రం నిర్ధారించింది.

కనిపించని దానిని నియంత్రించాలంటే ముందుగా దానిని కొలవాలి. మన దేశంలో 1976లో జరిగిన 42వ రాజ్యాంగ సవరణ, పర్యావరణాన్ని పరిరక్షించడం రాజ్య విధి అని 48-ఎ అధికరణంలోనూ, పౌరుల ప్రాథమిక విధి అని 51-ఎ అధికరణంలోనూ చేర్చింది. 1981లో పార్లమెంటు వాయు కాలుష్య నివారణ, నియంత్రణ చట్టాన్ని చేసింది. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. ఈ చట్టాల నీడలోనే గాలికి జాతీయ ప్రమాణాలు ఏర్పడ్డాయి. 2009లో సవరించిన ప్రమాణాల ప్రకారం, రెండున్నర మైక్రాన్ల లోపు ధూళికణాలు సంవత్సరపు సగటున ఘనపు మీటరు గాలిలో 40 మైక్రోగ్రాములకు మించరాదు. పది మైక్రాన్ల లోపు కణాలకు ఆ హద్దు 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దులు ఇంతకంటే ఎంతో కఠినమైనవి. రెండున్నర మైక్రాన్ల కణాలకు ఆ సంస్థ 5 మైక్రోగ్రాములే తగినవని చెప్పింది.

కాగితం మీద రాసిన ఈ అంకెలు వీధిలోకి ఎలా దిగివస్తాయి? ఇది ఈ పాఠానికి కీలకమైన ప్రశ్న. వాహన కాలుష్యం మూడు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. మొదటిది యంత్రం: ఇంజను ఎంత పొగ విడుస్తుంది? రెండవది ఇంధనం: ఆ ఇంజనులో ఏది మండుతుంది? మూడవది ప్రయాణం: ఎన్ని వాహనాలు, ఎంత దూరం, ఎందరిని మోస్తూ తిరుగుతున్నాయి? మొదటి దానిని కర్మాగారంలోనూ, రెండవ దానిని చమురు శుద్ధి కేంద్రంలోనూ సరిదిద్దవచ్చు. మూడవ దానిని సరిదిద్దవలసినది నగర ప్రణాళిక. దాని కోసం భూమి కావాలి, నిధులు కావాలి, ఏళ్ల తరబడి సాగే ఓపిక కావాలి. మొదటి రెండూ ఎంత తొందరగా సాధ్యమయ్యాయో, మూడవది ఎంత ఆలస్యమయిందో ఢిల్లీ కథ తెలియజేస్తుంది.

న్యాయవాది ఎం.సి. మెహతా 1985లో ఢిల్లీ వాయు కాలుష్యంపై సర్వోన్నత న్యాయస్థానంలో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలు చేశారు. జీవించే హక్కును ప్రసాదించే 21వ అధికరణంలో పరిశుభ్రమైన గాలిని పీల్చే హక్కు కూడా ఇమిడి ఉందన్నది ఇటువంటి వ్యాజ్యాలకు ఆధారమైన వాదం. ఆ తరువాతి దశాబ్దంలో దేశ రాజధానిలో వాహనాలు విపరీతంగా పెరిగాయి. బస్సులు, లారీలు, ఆటోలు విడిచే నల్లపొగ శీతాకాలపు మంచుతో కలిసి నగరాన్ని కమ్మివేసేది. 1996లో విజ్ఞాన పర్యావరణ కేంద్రం అనే స్వచ్ఛంద సంస్థ వాహన కాలుష్యంపై ప్రచురించిన గ్రంథం, ఈ పొగ నెమ్మదిగా జరుగుతున్న హత్యతో సమానమని హెచ్చరించింది. 1998 జనవరిలో కేంద్ర ప్రభుత్వం పర్యావరణ పరిరక్షణ చట్టం కింద భూరేలాల్ అధ్యక్షతన ఒక ప్రాధికార సంస్థను నియమించింది. ఆ సంస్థ సిఫార్సులను స్వీకరించి, 1998 జూలై 28న సర్వోన్నత న్యాయస్థానం చరిత్రాత్మకమైన ఉత్తర్వును వెలువరించింది.

ఆ ఉత్తర్వులోని అంశాలను విద్యార్థులు శ్రద్ధగా పరిశీలించాలి. అదే సంవత్సరం సెప్టెంబరు 1 నాటికి రాజధానిలో సీసం కలిసిన పెట్రోలు అమ్మకం నిలిచిపోవాలి. 1990కి పూర్వపు ఆటోలు, టాక్సీల స్థానంలో శుభ్రమైన ఇంధనంతో నడిచే కొత్త వాహనాలు రావాలి. 2001 మార్చి 31 నాటికి నగరంలోని బస్సులన్నీ సి.ఎన్.జి. అని పిలిచే సంపీడిత సహజవాయువుతోనే నడవాలి. ఆ వాయువును నింపే కేంద్రాలు 9 నుంచి 80కి పెరగాలి. బయటి రాష్ట్రాల బస్సులు నగరం నడిబొడ్డుకు రాకుండా ఉత్తర, నైరుతి ప్రవేశమార్గాల వద్ద కొత్త బస్‌స్టేషన్లు నిర్మించాలి. వీటన్నిటితోపాటు, 2001 ఏప్రిల్ 1 నాటికి నగరంలోని ప్రజారవాణా బస్సుల సంఖ్య 10,000కు చేరాలి.

గాలి గురించి మొదలైన వ్యాజ్యం బస్‌స్టేషన్ స్థలం దాకా వచ్చిందంటే ఆశ్చర్యం కలగవచ్చు. కాని అందులో అసంగతమేమీ లేదు. పొరుగు రాష్ట్రపు బస్సు నగరం మధ్యకు వచ్చి వెళ్ళే ప్రతిసారీ ఎన్నో కిలోమీటర్ల పొడవునా పొగ విడుస్తుంది. బస్‌స్టేషన్‌ను ఊరి అంచుకు మార్చితే ఆ పొగ తగ్గుతుంది. అయితే అక్కడ దిగిన ప్రయాణికుడు నగరంలోకి పోవడానికి సిటీ బస్సు కావాలి. అది దొరకకపోతే అతడు ఆటో ఎక్కుతాడు. స్తోమత కలిగిన నాడు మోటారు సైకిలు కొంటాడు. పొగ మరొక రూపంలో తిరిగి వస్తుంది. పదివేల బస్సుల మాట ఆ ఉత్తర్వులో చేరడానికి కారణం ఇదే. ప్రయాణానికి ప్రత్యామ్నాయం చూపకుండా పొగను మాత్రమే నిషేధించడం సాధ్యం కాదని ఆ ఉత్తర్వు గుర్తించింది.

అమలు తేలికగా జరగలేదు. గడువు సమీపించేకొద్దీ అభ్యంతరాలు పెరిగాయి. కొత్త బస్సులు ఖరీదైనవనీ, వాయువు సరఫరా చాలదనీ యజమానులు వాదించారు. 2001 ఏప్రిల్‌లో గడువు ముగిసినప్పుడు తగినన్ని బస్సులు లేక ప్రయాణికులు తీవ్రమైన అవస్థ పడ్డారు. కొత్త బస్సులకు ఆర్డర్లు ఇచ్చినవారికి న్యాయస్థానం గడువు పొడిగించవలసి వచ్చింది. వాయువు నింపే కేంద్రాల వద్ద ఆటోలు, బస్సులు గంటల తరబడి బారులు తీరాయి. గొట్టపుమార్గం అందని కేంద్రాలకు వాయువును సిలిండర్లలో నింపి లారీల మీద తెచ్చేవారు; అక్కడ ఒత్తిడి తక్కువ కావడంతో ఒక్కొక్క వాహనం నిండడానికి చాలాసేపు పట్టేది. రోజంతా తిరిగితేనే పూట గడిచే ఆటో కార్మికుడికి బారులో గడిచిన ప్రతి గంటా కూలి పోయిన గంటే. శుభ్రమైన గాలి అందరికీ మేలు చేసినా, దాని మూల్యం అందరి మీదా సమానంగా పడలేదని ఈ ఘట్టం గుర్తుచేస్తుంది.

ఈ కాలంలోనే ఒక ముఖ్యమైన సిద్ధాంత చర్చ జరిగింది. 2001లో శాస్త్రవేత్త ఆర్.ఎ. మషేల్కర్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ, ప్రభుత్వం ఏ ఇంధనం వాడాలో నిర్దేశించరాదనీ, ఎంత పొగ విడవవచ్చునో చెప్పి ఊరుకోవాలనీ అభిప్రాయపడింది. హద్దును పాటించినంతవరకు ఏ ఇంధనమైనా ఒకటే అన్నది ఆ వాదన సారం. తర్కానికి ఇది నిలిచే మాటే. కాని ఆచరణలో డీజిలులో కిరోసిన్ కలిపే కల్తీ ఆనాడు విస్తారంగా ఉండేది. ప్రతి బస్సునూ ప్రతిరోజూ పరీక్షించే యంత్రాంగం లేనిచోట, కల్తీకి అవకాశం లేని ఇంధనమే మేలని న్యాయస్థానం భావించింది. 2002 ఏప్రిల్ 5న వెలువడిన తీర్పులో, ముందుజాగ్రత్త వహించడం ప్రభుత్వ ధర్మమనీ, కాలుష్యం కలిగించినవారే దాని మూల్యం చెల్లించాలనీ పేర్కొంటూ, డీజిలు బస్సులకు మొదటి ముప్పై రోజులు రోజుకు 500 రూపాయలు, ఆ తరువాత రోజుకు 1,000 రూపాయలు జరిమానా విధించింది. మే నెల నుంచి నెలకు 800 డీజిలు బస్సుల చొప్పున తొలగించాలని ఆదేశించింది. ఆ సంవత్సరం చివరికి నగర రవాణాలో డీజిలు బస్సులు కనుమరుగయ్యాయి. అదే 2002 డిసెంబరులో ఢిల్లీ మెట్రో తొలి రైలు షాహదరా – తీస్ హజారీ స్టేషన్ల మధ్య నడిచింది.

ఫలితం కంటికి కనిపించింది. బస్సుల వెనుక నల్లపొగ మాయమైంది. ప్రపంచంలోనే సహజవాయువుతో నడిచే అతిపెద్ద బస్సుల శ్రేణులలో ఒకటి ఢిల్లీకి సొంతమైంది. కాని ఉత్తర్వులోని అంశాలన్నీ ఒకే విధంగా నెరవేరలేదు. ఇంధనం మార్చాలన్న అంశం ఆలస్యంగానైనా అమలైంది. పదివేల బస్సులు కావాలన్న అంశం 2001లో నెరవేరలేదు. ఆ తరువాత రెండు దశాబ్దాలు గడిచినా నెరవేరలేదు. ఇంధనం మారిందో లేదో ఒక్కొక్క బస్సును ఆపి చూడవచ్చు. మారకపోతే జరిమానా వేయవచ్చు. రావలసిన బస్సు రాకపోతే ఎవరికి జరిమానా వేయాలి? డిపోకు భూమి ఇవ్వని శాఖకా? నిధులు మంజూరు చేయని ప్రభుత్వానికా? బస్సును కొనని రవాణా సంస్థకా? బాధ్యత అందరిదీ అయినచోట అది ఎవరిదీ కాకుండా పోయింది.

ఆ ఖాళీని సొంత వాహనాలు నింపాయి. 2017 నాటికి ఢిల్లీలో నమోదైన వాహనాల సంఖ్య కోటి దాటింది. ఒక్కొక్క వాహనం విడిచే పొగ తగ్గినా, వాహనాల మొత్తం పెరగడంతో సాధించిన మేలులో చాలాభాగం హరించుకుపోయింది. ఢిల్లీ గాలిని చెడగొట్టేవి వాహనాలు మాత్రమే కావు. నిర్మాణాల ధూళి, పరిశ్రమలు, విద్యుత్కేంద్రాలు, పొరుగు రాష్ట్రాలలో తగలబెట్టే పంట వ్యర్థాలు కూడా అందుకు కారణాలే. అయినా ఏడాది పొడవునా, మనిషి ముక్కుకు అతి సమీపంలో పొగ విడిచేది మాత్రం వాహనమే.

తీరని లోటు ఎప్పుడో ఒకప్పుడు బయటపడక తప్పదు. 2016 జనవరి 1 నుంచి 15 వరకు ఢిల్లీ ప్రభుత్వం సరి – బేసి విధానాన్ని అమలు చేసింది. కారు సంఖ్యలోని చివరి అంకె సరిసంఖ్య అయితే సరి తేదీలలో, బేసి అయితే బేసి తేదీలలో మాత్రమే ఆ కారు వీధిలోకి రావాలి. ద్విచక్రవాహనాలకూ, మహిళలు నడిపే కార్లకూ మినహాయింపు ఇచ్చారు. 2017 నవంబరులో గాలి ప్రాణాపాయ స్థాయికి చేరినప్పుడు ఈ విధానాన్ని తిరిగి తేవాలని ప్రభుత్వం సంకల్పించింది. మినహాయింపులు వద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించగానే, అంతమంది ప్రయాణికులకు సరిపడే బస్సులు లేవని చెప్పి ప్రభుత్వం ఆ ఆలోచనను విరమించుకుంది. 1998లో కోరిన బస్సులు సమకూడి ఉంటే, 2017లో ఆ నియమం అమలయ్యేదేమో! ఒక తరం వాయిదా వేసిన ప్రణాళిక, తరువాతి తరం చట్టాన్ని నిస్సహాయం చేసింది.

రహదారిని పంచుకోవడంలోనూ ఇటువంటి అనుభవమే ఎదురైంది. 2006లో కేంద్రం ప్రకటించిన జాతీయ పట్టణ రవాణా విధానం, రోడ్డును వాహనాల లెక్కన కాక మనుషుల లెక్కన పంచాలని చెప్పింది. ఒక్క మనిషిని మోసే కారు కంటే యాభై మందిని మోసే బస్సుకు దారిలో ప్రాధాన్యం ఉండాలన్నది దాని భావం. 2008లో ఢిల్లీలో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ వరకు ఆరు కిలోమీటర్లకు కొంచెం తక్కువ దూరం బస్సుల కోసం ప్రత్యేక బాట వేశారు. తమ దారి ఇరుకైందని కారు యజమానులు నిరసించారు. వ్యవహారం న్యాయస్థానం దాకా వెళ్ళింది. 2012లో ఢిల్లీ హైకోర్టు ఆ బాటను కొనసాగనిచ్చింది. అయినా 2016లో దానిని తొలగించారు. న్యాయస్థానంలో నెగ్గిన నియమం కూడా నగరవాసుల మనసులో నెగ్గకపోతే నిలబడదని దీనివల్ల తెలుస్తుంది.

ఢిల్లీలో గాలి నియమం రోడ్లు వేసిన తరువాత, వాహనాలు నిండిన తరువాత వచ్చింది. రోడ్డు వేయకముందే నియమం ఎదురు నిలిస్తే ఎలా ఉంటుంది? అమెరికా ఇందుకు ఉదాహరణ. అక్కడి పరిశుభ్ర వాయు చట్టానికి 1990లో చేసిన సవరణల ప్రకారం, గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాలు తమ రవాణా ప్రణాళిక వల్ల కాలుష్యం నిర్ణీత పరిమితిని మించదని ముందుగా లెక్కగట్టి చూపాలి. చూపలేకపోతే కొత్త రహదారులకు కేంద్ర నిధులు నిలిచిపోతాయి. 1998లో అట్లాంటా నగరానికి ఈ పరిస్థితి ఏర్పడింది. ఎన్నో రోడ్ల పనులకు అడ్డంకి కలిగింది. ఆ ఒత్తిడి మూలంగానే 1999లో జార్జియా రాష్ట్రం ప్రాంతీయ రవాణాను పర్యవేక్షించడానికి ఒక ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. ఆ చట్టం అట్లాంటాను కార్ల నగరం కాకుండా మార్చలేకపోయింది. కాని రోడ్డు వేసే ఇంజనీరూ, గాలిని కొలిచే శాస్త్రవేత్తా ఒకే లెక్క ముందు కూర్చోక తప్పని స్థితిని కల్పించింది. రోగం వచ్చిన తరువాత మందు వెతకడానికీ, ముందే పథ్యం పాటించడానికీ ఉన్న తేడా ఇదే.

తెలుగువారి నగరాలు ఈ కథకు వెలుపల లేవు. యంత్రానికీ ఇంధనానికీ సంబంధించిన భారత్ స్టేజ్ ప్రమాణాలలో నాలుగవ దశ, 2010లో పదమూడు నగరాలలో అమలైనప్పుడు వాటిలో హైదరాబాదు ఒకటి. 2017లో ఆ దశ దేశమంతటా అమలైంది. ఐదవ దశను దాటవేసి, 2020 ఏప్రిల్ నుంచి దేశం నేరుగా ఆరవ దశకు చేరుకుంది. ప్రయాణానికి సంబంధించిన ఏర్పాట్లలో, 2003లో హైదరాబాదులో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు మొదలయ్యాయి, 2017 నవంబరులో మెట్రో రైలు ప్రారంభమైంది. 2019లో హైదరాబాదు విమానాశ్రయ మార్గంలో నలభై విద్యుత్తు బస్సులు, 2022లో తిరుపతి – తిరుమల మధ్య విద్యుత్తు బస్సులు ప్రవేశించాయి. 2019లో కేంద్రం జాతీయ పరిశుభ్ర వాయు కార్యక్రమాన్ని ప్రకటించినప్పుడు, గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల తొలి జాబితాలో హైదరాబాదు, నల్లగొండ, పటాన్‌చెరు, విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, నెల్లూరు, కర్నూలు ఉన్నాయి. ఇవి ఢిల్లీ అంత పెద్దవి కావు. అందువల్లనే వీటికి ఒక అనుకూలత ఉంది. ఢిల్లీ చేసిన ఆలస్యాన్ని ఇవి చేయకుండా ఉండే వ్యవధి ఇంకా మిగిలి ఉంది.

ఆ వ్యవధిని వినియోగించుకోవడం అంటే ఏమిటో విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు. కళాశాల వేళకు రావలసిన ఒక్క బస్సు నిండిపోయి, ఆగకుండా వెళ్ళిపోయినప్పుడు ఏం జరుగుతుందో వారికి తెలుసు. కొందరు ఫుట్‌బోర్డు మీద వేలాడుతారు. కొందరు ఆటోలో ఇరుక్కుంటారు. కొంతకాలానికి తల్లిదండ్రులు అప్పు చేసైనా బండి కొనిపెడతారు. ఆ కుటుంబం చేసింది తప్పని ఎవరూ అనలేరు. కాని అటువంటి లక్ష ఇళ్ళ నిర్ణయాలు కలిస్తేనే నగరపు గాలి తయారవుతుంది. అందుచేత గాలిని బాగుచేసే పని బండి పొగగొట్టం దగ్గర కాక బస్సు ఆగే చోటనే మొదలు కావాలి. వేళకు వచ్చే బస్సు, ఎండావానలకు తలదాచుకునే షెల్టరు, అక్కడి వరకు భయం లేకుండా నడిచిపోగల కాలిబాట – ఇవి సౌకర్యాలుగా మాత్రమే కనిపిస్తాయి. నిజానికి ఇవి కూడా గాలి నియమాలే.

చట్టం ఒక హద్దును గీయగలదు. ఆ హద్దు లోపల జనం బతకడానికి వీలైన దారిని మాత్రం ప్రణాళికే వేయాలి. హద్దు లేని దారి ఊపిరి తీస్తుంది. దారి చూపని హద్దు బతుకుతెరువు తీస్తుంది. 1998 నాటి ఉత్తర్వు ఈ రెండింటినీ ఒకే కాగితం మీద రాసింది. అందులో నెరవేరినది నగరానికి కొన్నాళ్ళు ఊరటనిచ్చింది. నెరవేరనిది నేటికీ పాఠం చెబుతూనే ఉంది. రేపు నగరాలను తీర్చిదిద్దే ఇంజనీర్లు, అధికారులు, ఓటర్లు నేటి విద్యార్థులే. రోడ్డు ఎంత వెడల్పు అని అడిగే ముందు, ఆ రోడ్డు పక్కన నిలబడేవారు పీల్చే గాలి ఎటువంటిది అని అడగగలిగితే, వారు ఈ పాఠాన్ని చదివినట్లే.

కఠిన పదాలు – అర్థాలు

ఎరుక = జ్ఞానం, తెలివిడి
అధికరణం = రాజ్యాంగంలోని ఒక భాగం, నిబంధన
వ్యాజ్యం = న్యాయస్థానంలో వేసిన దావా
ప్రాధికార సంస్థ = అధికారం కలిగిన సంస్థ
సంపీడితం = ఒత్తిడితో కుదించినది
అసంగతం = పొసగనిది
స్తోమత = శక్తి, ఆర్థిక బలం
పథ్యం = రోగికి తగిన ఆహార నియమం
వ్యవధి = గడువు, మధ్యకాలం

అభ్యాసం

I. క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. 1998 జూలై 28 నాటి సర్వోన్నత న్యాయస్థానపు ఉత్తర్వులోని ముఖ్యాంశాలను వివరించండి.
2. ‘ఒక తరం వాయిదా వేసిన ప్రణాళిక, తరువాతి తరం చట్టాన్ని నిస్సహాయం చేసింది’ – ఈ వాక్యాన్ని సరి – బేసి విధానం ఆధారంగా సమర్థించండి.
3. ఇంధనాన్ని నిర్దేశించాలా, పొగకు హద్దు విధిస్తే చాలునా అన్న చర్చలోని ఇరుపక్షాల వాదనలను తెలిపి, మీ అభిప్రాయాన్ని రాయండి.

II. క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. వాహన కాలుష్యం ఆధారపడే మూడు విషయాలు ఏవి?
2. వాయు కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం ఏ సంవత్సరంలో వచ్చింది?
3. జాతీయ పట్టణ రవాణా విధానం రోడ్డును ఏ లెక్కన పంచాలని చెప్పింది?
4. 1998లో అట్లాంటాలో రోడ్ల పనులకు అడ్డంకి ఎందుకు కలిగింది?

III. సంధులను విడదీసి, పేర్లు తెలపండి.
సర్వోన్నత, పర్యావరణం, ప్రాణాపాయం

IV. విగ్రహవాక్యాలు రాసి, సమాసాల పేర్లు తెలపండి.
పంచభూతాలు, రాజమార్గం, నల్లపొగ

V. మీ ఊరి బస్‌స్టేషన్ లేదా కూడలి వద్ద ఒక గంటసేపు గమనించి, బస్సులలో వెళ్ళినవారు ఎందరో, సొంత వాహనాలపై వెళ్ళినవారు ఎందరో లెక్కించి, మీరు గ్రహించిన విషయాలతో ఒక పేజీ వ్యాసం రాయండి.